మా చిన్నవాడి తలనొప్పి వేళ తోడున్న అందరికీ కృతజ్ఞతలు

మావాడి సంగతి అడిగి తెలుసుకున్న అందరికీ నమస్కారం. ఆ సాయంత్రం వాడు వాంతులు చేసుకుంటూ వాలిపోతే, ఉప్పల్ రోడ్డు ట్రాఫిక్‌లో కూడా ఆగకుండా ఆసుపత్రికి చేర్చిన కింది పోర్షన్ అన్నయ్యగారికి ముందుగా దండం. వాడికి మైగ్రేన్ అని తేలింది. ఇప్పుడు బాగున్నాడు, గల్లీ క్రికెట్ మళ్లీ మొదలైంది.

ఎక్కువ రుణపడింది మాత్రం నల్లకుంటలో ఉండే మా వదినగారికి. "ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అని డాక్టరుగారు అడిగితే మేమిద్దరం మొహమొహాలు చూసుకున్నాం. వదినగారు రెండు వైపుల పెద్దవాళ్లకూ ఫోన్లు చేసి, పాత కరెంటు బిల్లు వెనకాల అంతా రాసి తెచ్చారు. ఎవరికి, ఏ వయసులో మొదలైంది, వాంతులయ్యేవా, వెలుతురు పడేది కాదా అని. మా అమ్మ చదువుకునే రోజుల్లో నుదుటికి తడిగుడ్డ కట్టుకుని, కిటికీలు మూసి పడుకునేదట. మా చిన్నమామయ్యకు చిన్నప్పుడు ఉండుండి కడుపునొప్పి, వాంతులు, పెద్దయ్యాక తలనొప్పి. పిల్లల్లో మైగ్రేన్ అలా కడుపునొప్పిగానూ మొదలవుతుందట. ఇక మావారిది పదో తరగతి నుంచీ ఉన్నదే. ఆయన మాత్రం ఇన్నేళ్లూ కళ్లజోడు మీదకే నెట్టేశారు!

తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం దాదాపు సగమని, ఇద్దరికీ ఉంటే ఇంకా ఎక్కువని డాక్టరుగారు చెప్పారు. పెద్దవాళ్లకు వచ్చినట్టు ఒక కణతే కాకుండా పిల్లలకు నుదురంతా నొప్పి పెడుతుందట, రెండు గంటల్లో తగ్గిపోవచ్చు కూడా. వాణ్ని నడిపించి, కళ్లలోకి లైటు వేసి చూసి, ఆ కాగితం చదివాక, స్కాన్ ఇప్పుడు అక్కర్లేదన్నారు. నొప్పితో నిద్రలోంచి లేచినా, నడక తూలినా, రోజురోజుకీ ఎక్కువవుతున్నా వెంటనే రమ్మన్నారు. పిల్లలకు ఆస్పిరిన్ వేయొద్దని, తను రాసిచ్చిన మాత్ర నొప్పి మొదలవగానే వేయాలని, అదీ వారంలో రెండు రోజులు మించకూడదని గట్టిగా చెప్పారు.

స్కూల్లో క్లాస్ టీచరుగారికి ప్రత్యేకంగా థ్యాంక్స్. పొద్దున్నే బస్సు హడావిడిలో మావాడు టిఫిన్ సగంలో వదిలేస్తాడు, ఖాళీ కడుపే వాడికి పెద్ద శత్రువు. ఇప్పుడు మొదటి పీరియడ్ అవగానే డబ్బా తీయనిస్తున్నారు, నీళ్ల సీసా బెంచీ మీదే ఉంచుకోనిస్తున్నారు. నొప్పి వచ్చిన రోజు ఆయమ్మ స్టాఫ్‌రూమ్‌లో లైటార్పి పడుకోబెట్టి, లేచాక నాకు ఫోన్ చేసింది. ఆమె పేరు కనుక్కోవడం కుదరలేదు, రేపు వెళ్లి కలుస్తాను.