ఇంకా ఎంతమంది వస్తారు సార్?

కావలి,
ఆదివారం సాయంత్రం.

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం గురువారం అందింది. నువ్వు రాసిన నాలుగు పేజీలలో మూడు నీ మోకాళ్ళ నొప్పుల గురించి, నాలుగోది నా గురించి. మద్రాసు దగ్గరి అమ్యూజ్‌మెంట్ పార్కులో నేను ఎవరితోనో పెద్ద తగాదా పెట్టుకున్నానని మా చెల్లెమ్మ చెవిన పడిందనీ, ఈ వయసులో నాకిదేమి బుద్ధి అని ఆమె నవ్విందనీ రాశావు. తగాదా జరిగిన మాట నిజమే. అయితే మీరు అనుకున్నట్టు అది పరాయివాళ్ళతో కాదు, మా బావమరిదితో. సంక్రాంతి సెలవులకు నువ్వు కూడా మనవళ్ళను వెంటబెట్టుకొని అటువంటి చోటికే బయలుదేరాలని చూస్తున్నావు కాబట్టి, జరిగింది జరిగినట్టు రాస్తాను. కొంచెం పొడవవుతుంది, ఓపిక పట్టు.

మేము పదకొండు మందిమి. నేను, మీ చెల్లెలు, మనవడు, మనవరాలు. మా బావమరిది తరఫున చిన్న పిలకాయలతో కలిపి ఏడుగురు. తెల్లవారుజామున మూడున్నరకు టెంపో ట్రావెలర్‌లో బయలుదేరి, నాయుడుపేట దాటాక తెల్లవారితే, తడ దగ్గర బండి ఆపి పులిహోర తిని, గేటు తెరిచే వేళకు ముందే వెళ్ళి నిలబడ్డాము. అంత దూరం నుంచి వచ్చాము, అంత డబ్బు పెట్టి టికెట్లు కొన్నాము, కాబట్టి ఒక్క రైడ్ కూడా వదలకూడదు అన్న పట్టుదల ప్రతి కుటుంబంలోనూ కనిపిస్తుంది. నా అనుభవంలో మర్యాద మొదట జారిపోయేది ఆ పట్టుదల దగ్గరే.

ఉదయం రోలర్ కోస్టర్ క్యూలో ముప్పావు గంటగా నిలబడి ఉన్నాము. మనవడు నా చొక్కా పట్టుకొని, ముందు ఎంతమంది ఉన్నారో లెక్కపెడుతున్నాడు. ఇంతలో నలుగురు కుర్రవాళ్ళు ఇనుప కమ్మీల మీదుగా దూకి మా ముందు నిలిచారు. "మావాడు ముందుండాడు అంకుల్" అన్నాడు ఒకడు. మాట మన గూడూరు వైపుదే. ముప్పైరెండేళ్ళు లెక్కల పాఠం చెప్పిన గొంతు కదా, ఊరుకుంటుందా? మీ అమ్మానాన్నలు నేర్పింది ఇదేనా, చదువుకున్నారా, సంస్కారం ఉందా అని క్యూ అంతా వినపడేలా అరిచాను. ఇప్పుడు నెమ్మదిగా తలచుకుంటే ఒక్క సంగతి స్పష్టంగా గుర్తుకొస్తుంది. నేను నోరు తెరవకముందు ఆ నలుగురిలో చివరివాడు మొహమాటంగా వెనక్కి చూస్తూ, కమ్మీ మీద చెయ్యి వేసి, తిరిగి దాటిపోవడానికి సిద్ధంగా ఉన్నాడు. వాళ్ళ అమ్మానాన్నల పేరు ఎత్తగానే ఆ చెయ్యి తీసేసి, మిగిలిన ముగ్గురితో కలిసి బిగుసుకొని నిలబడ్డాడు. సిబ్బందిలో ఒకతను వచ్చి వాళ్ళను పక్కకు పంపేసరికి చాలా సేపు పట్టింది. గెలిచింది నేనే అనుకొని మీసం దువ్వుకున్నాను.

లెక్కల మాస్టారి జబ్బు ఎక్కడికి పోతుంది? క్యూలో పని లేక బండి లెక్క తీశాను. ఒక బండిలో 24 మంది కూర్చుంటారనుకో. 3 నిమిషాలకు ఒకసారి బయలుదేరితే గంటకు 480 మంది ఎక్కుతారు. ఎక్కేవాళ్ళు చెప్పులు ఎక్కడ పెట్టాలో, ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో తేల్చుకోలేక ఒక్క నిమిషం ఆలస్యం చేస్తే అది 4 నిమిషాలవుతుంది; గంటకు 360 మందే ఎక్కుతారు. అంటే ఒక్కొక్క బండి దగ్గర పోయిన నిమిషం చూడటానికి చిన్నదే కాని, గంట తిరిగేసరికి 120 మంది ఎండలో మిగిలిపోతారు. క్యూలో దూరినవాడిని నలుగురూ తిడతారు. బండి ఎక్కాక కూడా ఫోను తీసి సెల్ఫీ దిగుతూ, "బార్ వెయ్యండి సార్" అని మూడుసార్లు చెప్పించుకునేవాడిని మాత్రం ఎవరూ ఏమీ అనరు. నిజానికి ఎక్కువ కాలం తినేసేది ఈ రెండోవాడే.

ఫోనుల సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నాను, జేబులోవన్నీ లాకర్‌లో పెట్టమనడం వాళ్ళ చాదస్తం కాదు. గంటకు 72 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 20 మీటర్లు. ఆ వేగంలో చేతిలోంచి జారిన ఫోను వెనక సీటులోని బిడ్డ ముఖానికి తగిలితే అది రాయితో సమానం. అలాగే ఎత్తు కొలిచే గీత. ఒక తల్లి తన కొడుకుకు మందపాటి అడుగున్న బూట్లు తొడిగి, మునివేళ్ళ మీద నిలబెట్టి, ఆపరేటర్‌తో పావుగంట వాదించింది. ఒడిలోకి దిగే ఆ ఇనుప బార్ తొడల మీద బిగుసుకుంటేనే మనిషి సీటులో నిలుస్తాడు. చిన్న శరీరం దాని కిందినుంచి జారిపోగలదు. ఆ గీతను సడలించే అధికారం ఆపరేటర్‌కు లేదు, సడలిస్తే ఆ తప్పు మోయవలసినదీ అతనే. పొద్దుటినుంచి నిలబడి ఉన్న ఆ కుర్రవాడికి మన ఇంటి పెళ్ళీడు పిల్లవాడి వయసు ఉంటుందేమో. అతని కళ్ళు బండి మీద ఉండాలి, మన తగవుల మీద కాదు. క్యూలో ఎవరైనా గొడవ చేస్తుంటే బండి నడిపేవాడిని కేకేసి పిలవకు. క్యూ మొదట్లో నిలబడి ఉండే సిబ్బందికి చెప్పు.

నీళ్ళ వైపు కథ వేరు. అక్కడ నైలాన్ బట్టలు వేసుకోమని బోర్డు ఉంటే, లుంగీతోనూ నూలు చీరతోనూ దిగబోయేవాళ్ళు గేటు దగ్గర చేసే యుద్ధం చూడాలి. నూలు బట్ట నీటిని పీల్చి బరువెక్కుతుంది, జారుడు బల్లల మీద చుట్టుకుంటుంది, దాని పోగులు వెళ్ళి ఫిల్టర్లలో పేరుకుంటాయి. ఇంకొకటి చెబితే నువ్వు ముఖం చిట్లిస్తావు. కొలనులో కళ్ళు మండితే క్లోరిన్ ఎక్కువ పోశారని మనం తిడతాం కదా, చాలా వరకు ఆ మంటకు కారణం మనుషులే. చెమటా మూత్రమూ క్లోరిన్‌తో కలిసినప్పుడు పుట్టే క్లోరమిన్లు కళ్ళనూ గొంతునూ మండిస్తాయి. దిగే ముందు ఒళ్ళు కడుక్కొని రమ్మనడం అందుకే. ఆ షవర్ల దగ్గర ఆ రోజు నేను చూసినంతసేపూ ఈగలు తోలుకోవడానికి కూడా మనిషి లేడు.

అలల కొలనులో సైరన్ మోగి అలలు లేవగానే, కొందరు యువకులు గుంపుగా ఆడపిల్లలు ఉన్న వైపే జరుగుతూ, సంచిలో పెట్టిన ఫోనుతో వీడియో తీయడం మా బావమరిది కోడలు గమనించింది. ఇక్కడ మాత్రం నెమ్మదీ మర్యాదా అంటూ కూర్చోవద్దు. ఆ అమ్మాయి ఎవరితోనూ వాదించకుండా తిన్నగా ఒడ్డునున్న లైఫ్‌గార్డు దగ్గరికి వెళ్ళి, ఎవరో, ఏ రంగు చొక్కానో చూపించి చెప్పింది. అతను విజిల్ వేసి వాళ్ళను బయటికి పిలిచాడు. రెండు నిమిషాల పని. అదే మా బావమరిది చేతికి వదిలితే నీళ్ళలోనే కుస్తీ జరిగేది.

ఇక అసలు సంగతి. మధ్యాహ్నం భోజనాలయ్యాక చీకటి గుహలో పడవమీద తిప్పే రైడ్ ఒకటి మిగిలింది. క్యూ చాంతాడంత ఉంది. "బావా, నువ్వూ అక్కా నిలబడండి, మేము పిలకాయలకు జ్యూస్ తాగించుకొని వస్తాం" అని బావమరిది మిగిలిన ఎనిమిది మందినీ తీసుకొని వెళ్ళిపోయాడు. నేనూ సరేనన్నాను. అందులో తప్పున్నట్టు ఆ క్షణాన నాకు తోచనే లేదు, దాచడం దేనికి? మా వెనుక ఒక తమిళ పెద్దాయన, ఆయన వేలు పట్టుకొని ఏడెనిమిదేళ్ళ మనవరాలు. అరగంట గడిచి క్యూ తల కనపడుతున్న వేళకు, మొదట మా మనవడూ మనవరాలూ తాడు కింద దూరి వచ్చారు. పెద్దాయన నవ్వి జరిగాడు. తరువాత బావమరిది భార్య, ఆమె వెంట ఇద్దరు చిన్నవాళ్ళు. ఆయన మళ్ళీ జరిగాడు. బావమరిది పెద్దకొడుకు ఐస్‌క్రీము చేత్తో పట్టుకొని వచ్చి కమ్మీ మీద కాలు వేసినప్పుడు, ఆయన నా వైపు కొంచెం వంగి, వచ్చీరాని తెలుగులో, ఎవరికీ వినపడనంత మెల్లగా అడిగాడు: "ఇంకా ఎంతమంది వస్తారు సార్?"

అంతే అడిగాడు. అందులో కోపం లేదు, ఎత్తిపొడుపు కూడా లేదేమో. నిజంగా లెక్క తెలుసుకోవాలనే అడిగాడు. ఆ చిన్నపిల్లకు ఏమని చెప్పి ఓదార్చాలో చూసుకోవద్దూ? లెక్కల మాస్టారిని, నాకు జవాబు వెంటనే తెలిసింది. ఆ పెద్దకొడుకుతో కలిపి ఇంకా నలుగురు. మొత్తం తొమ్మిది మందిని ఆయన ముందుకు తెచ్చిపెడుతున్నాను. ఉదయం ఆ కుర్రవాళ్ళు తెచ్చింది నలుగురినే. "మావాడు ముందుండాడు" అన్న వాళ్ళ మాటకూ నా పనికీ తేడా ఏమిటని వెతికితే, నాకు నెరిసిన జుట్టు ఉండటం తప్ప మరొకటి దొరకలేదు. క్షమించమని ఆయనకు చెప్పి, వచ్చినవాళ్ళందరినీ వెంటబెట్టుకొని క్యూ చివరికి నడిచాను.

అక్కడ మొదలైంది తగాదా. "నలుగురిలో తల తీసేశావు కదా బావా, మనమేమన్నా దొంగలమా? పిలకాయలతో వచ్చినోళ్ళం, ఆ మాత్రం సర్దుకోరా ఎవరైనా?" అన్నాడు బావమరిది. సర్దుకోవలసినవాళ్ళను మనం అడగలేదు కదా అన్నాను నేను. మాట మీద మాట పెరిగింది. చివరికి అతని కుటుంబం ఆ రైడ్ ఎక్కకుండానే వెళ్ళి వ్యానులో కూర్చుంది. కావలి చేరేదాకా మా వ్యానులో డ్రైవరు పెట్టిన పాటలు తప్ప మరో శబ్దం లేదు. అతని వాదనలో కొంత న్యాయం లేకపోలేదు. చంటిబిడ్డ ఉన్న తల్లి రెండు గంటలు ఎండలో నిలబడజాలదు, మధ్యలో బాత్‌రూముకు వెళ్ళిన పిల్లవాడిని మళ్ళీ చివరికి పొమ్మనడం దుర్మార్గం. అటువంటి ఒకరిద్దరికి ఎవరూ అడ్డు చెప్పరు, చెప్పకూడదు కూడా. కాని ఇద్దరిని నిలబెట్టి తొమ్మిది మంది నీడన జ్యూస్ తాగడం అవసరం కాదు, తెలివి. ఇంట్లోవాళ్ళ కోసం చేస్తున్నాము కాబట్టి అది మన కంటికి ప్రేమలా కనిపిస్తుంది, మోసంలా కనిపించదు.

ఫ్లోరిడాలో ఉన్న మీ పెద్దమ్మాయి పోయిన ఏడాది వచ్చినప్పుడు డిస్నీ సంగతి చెప్పింది, గుర్తుందా? నడవలేనివారికీ, క్యూలో నిలబడలేనివారికీ ఇచ్చే సౌకర్యాన్ని ఏమీ లేనివాళ్ళు కూడా వాడుకోవడం ఎక్కువై, 2013లో ఆ పాత కార్డు పద్ధతిని తీసేసి, తిరిగి రావలసిన సమయం ముందుగా ఇచ్చే పద్ధతి పెట్టారు. మోసం చేసినవాళ్ళ మూలంగా నిజంగా అవసరమున్నవాళ్ళకు కూడా కట్టుబాట్లు పెరిగాయన్నమాట. సెల్ఫీ కర్రలను 2015లో మొత్తంగా నిషేధించారు. అక్కడే ఇంకో మంచి ఏర్పాటు ఉందని కూడా చెప్పింది: ఒకరు పసిబిడ్డను పట్టుకొని కూర్చుంటే ఇంకొకరు రైడ్ ఎక్కి వచ్చి, ఆ తరువాత మొదటివారు మళ్ళీ క్యూ అంతా నిలబడకుండానే వెళ్ళవచ్చునట. మనం వెళ్ళే చోట్ల అటువంటిది ఉందేమో సిబ్బందిని అడిగి చూడు. అడగడం మనకు నామోషీ, దూరడం కాదు!

జనం ఎక్కువైతే మర్యాద తగ్గక తప్పదని మా బావమరిది అంటాడు. నేను ఒప్పుకోను. కోరికల పేరిట రొట్టెలు ఇచ్చిపుచ్చుకునే నెల్లూరు రొట్టెల పండుగకు మనమిద్దరం వెళ్ళినప్పుడు స్వర్ణాల చెరువులో ఇసుక వేస్తే రాలనంత జనం. అయినా ముక్కూ మొహం తెలియని మనిషి దగ్గరికి వెళ్ళి, "ఉద్యోగం రొట్టె ఉందామ్మా?" అని ఎంత మెత్తగా అడిగేవాళ్ళు! కోరిక తీరినవాళ్ళు ఎంత ఆనందంగా అందించేవాళ్ళు! నీకు ఆరోగ్యం రొట్టె ఇచ్చిన ముసలమ్మ నీ గడ్డం పట్టుకొని దీవించింది కదా. (ఆ రొట్టె నీ మోకాళ్ళ దాకా చేరినట్టు లేదు.)

కాబట్టి నీ ప్రయాణానికి నాకు తోచినవి చెబుతాను. ఎవరైనా ముందు దూరితే, వాళ్ళు కాలు పెడుతున్నప్పుడే మాట్లాడు; నిలదొక్కుకున్నాక వెనక్కి పంపడం కష్టం. గుంపునంతటినీ అనకుండా, అందులో ఒక్కరిని చూసి, "బాబూ, క్యూ అక్కడినుంచి ఉందమ్మా" అను. ఆడవాళ్ళయితే "అమ్మా" అని మొదలుపెట్టు. తెలియక వచ్చానని చెప్పి తప్పుకోవడానికి వాళ్ళకు ఒక దారి మిగలనివ్వు. ఉదయం నేను ఆ కుర్రవాడికి మిగల్చనిది అదే. వినకపోతే సిబ్బందికి చెప్పి ఊరుకో. మీ పిలకాయలను బాత్‌రూముకూ నీళ్ళకూ క్యూలోకి వెళ్ళకముందే తిప్పి తీసుకురా, అందరూ కలిసే నిలబడండి. సంక్రాంతి మూడు రోజులూ వదిలి, సెలవుల్లోనే పనిరోజు చూసుకొని వెళ్ళు. నైలాన్ బట్టలు ఒంగోలులోనే కొనుక్కో. నీ మోకాళ్ళకు రోలర్ కోస్టర్ వద్దు, ఆ బోర్డు మీద రాసిన ఆరోగ్య హెచ్చరికలు మన వయసువాళ్ళ కోసమే.

మొన్న శుక్రవారం బావమరిది ఫోను చేశాడు. నెల తరువాత మొదటిసారి. వేసవిలో మళ్ళీ వెళ్దామా బావా అన్నాడు. వెళ్దాం, ఈసారి ఎంతమంది వస్తారు అని అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తరువాత గట్టిగా నవ్వాడు.

మీ చెల్లెలు చెల్లెమ్మకు మాగాయ పంపమంటున్నది. పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో మా ఎదురింటివాళ్ళ అబ్బాయి బుధవారం వస్తాడు, స్టేషనుకు ఎవరినైనా పంపించు. సీసా మూత కొంచెం వదులు, నిలబెట్టే పట్టుకోమని చెప్పు.

ఇట్లు,
నీ కావలి మాస్టారు