ప్రధానిగారూ, ముసలివాళ్ల చలి మంట మీదేనా కోత?

లెస్టర్, అక్టోబర్ 2024

బ్రిటన్ ప్రధానమంత్రి కీర్ స్టార్మర్ గారికి,

నమస్కారం. నాది ఇండియన్ పాస్‌పోర్టే. అయినా కామన్వెల్త్ పౌరుడిగా ఇక్కడ ఓటుంది కాబట్టి జూలై 4 ఎన్నికల్లో మీ లేబర్ పార్టీకే వేశాను. పద్నాలుగేళ్ల కన్జర్వేటివ్ పాలనతో విసిగి, ‘మార్పు’ అన్న మీ మాట నమ్మినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

నెల తిరక్కుండానే పింఛనుదారుల చలికాలపు ఇంధన సాయానికి ఎసరు పెట్టారు. ఇంటికి 200 నుంచి 300 పౌండ్లు. ఇకపై పెన్షన్ క్రెడిట్ (ఆదాయం తక్కువున్న పింఛనుదారులకిచ్చే సాయం) లాంటివి అందుకునేవాళ్లకే ఇస్తారట. ఒంటరి మనిషికి దాని ఆదాయ హద్దు వారానికి దాదాపు 218 పౌండ్లు. మా పక్కింటి పెద్దావిడ ఆదాయం అంతకు కాస్త పైన. అంతే, సాయం పోయింది. గ్యాస్, కరెంటు ధరల పరిమితి మాత్రం ఈ నెల ఒకటిన పది శాతం పెరిగింది. ఆవిడ ఇంట్లో కూడా కోటు విప్పట్లేదు. హీటర్ ఒక్క గదిలోనే, అదీ సాయంత్రం కాసేపు.

పాత ప్రభుత్వం 22 బిలియన్ పౌండ్ల లోటు వదిలి వెళ్లిందంటున్నారు. కావచ్చు. పూడ్చడానికి ముందుగా దొరికింది వీళ్లేనా? పిల్లల కోసమిచ్చే సంక్షేమ సాయం ఇద్దరికే అన్న పరిమితి ఎత్తేయాలని ఓటేసిన ఏడుగురు సొంత ఎంపీలనూ సస్పెండ్ చేశారు. ఇంకోపక్క మీ సూట్లు, కళ్లజోళ్లు ఒక దాత కొనిచ్చారన్న వార్తలు. రూల్స్ ప్రకారమే అనుకోండి, చూసేవాళ్లకు ఒళ్లు మండదా?

30న బడ్జెట్ ఉంది. సాయం పూర్తిగా తిరిగివ్వడం కుదరకపోతే ఆ ఆదాయ హద్దైనా పెంచండి. జనవరి బిల్లులు రాకముందే.

ఇట్లు,
మీకు ఓటేసిన ఒక తెలుగువాడు