కేబుళ్లు చుట్టే పని గురించి

చిట్టితల్లీ,

ఇక్కడ అందరం బాగున్నాం. కాలవలు కట్టేశారు. మీ అమ్మ కొత్తావకాయ కలిపి నీ వాటా చిన్న జాడీలో విడిగా పెట్టింది. నువ్వు ఫోన్ చేసి పదకొండు రోజులైంది. పనిలో ఉండి ఉంటావులే.

మొన్న పెళ్లిలో చంటిగాడు కలిశాడు. "మావయ్యా, చిట్టి రికార్డింగ్ స్టూడియోలో పని మానేస్తుందంట కదా, కేబుళ్లు చుట్టిస్తున్నారంట" అన్నాడు. వాడి మాట నేను పట్టించుకోలేదు. అన్నట్టు, పెరట్లో సపోటా బాగా కాసింది.

కేబుళ్లంటే గుర్తొచ్చింది. నేను ఇంటర్లో ఉండగా మా మేనమామ మైకుసెట్‌తో ఏడాదంతా తిరిగాను. యాంప్లిఫయర్ ముట్టుకోనిచ్చేవాడు కాదు, వైరు చుట్టడమే నా పని. కనుమనాడు జగ్గన్నతోట తీర్థంలో, సరిగ్గా దేవుళ్ల ప్రభలు కాలవ దిగుతుండగా, కొబ్బరిచెట్లకి కట్టిన హారన్లు మూగబోయాయి. మావయ్య పెట్టెలన్నీ విప్పేస్తున్నాడు. నాకేమో కాలవ గట్టు మీద వేసిన చుట్టలో ఒక అతుకు గుర్తొచ్చింది. రోజూ అరచేతిలోంచి జారేటప్పుడు బొటనవేలికి గరుగ్గా తగిలేది. పరిగెత్తి చూస్తే టేపు నాని ఊడిపోయింది. దాన్ని కోసి, కొత్తగా మెలిపెట్టి కట్టాక మైకు పలికింది. ఆ మర్నాడే మావయ్య నన్ను యాంప్లిఫయర్ దగ్గర కూర్చోబెట్టాడు.

నువ్వు చేరి రెండు నెలలే కదమ్మా. మిక్సింగ్, మాస్టరింగ్ కాలేజీలోనూ చెప్తారు. పాడేవాళ్లు నాలుగోసారి తప్పినప్పుడు ఇంజనీరు వాళ్లతో ఎలా మాట్లాడతాడో ఆ గదిలో ఉంటేనే తెలుస్తుంది. రేపు ఎవరికైనా మనిషి కావాల్సొస్తే, టైముకి వచ్చిన పిల్ల, ఫైళ్లకి పేర్లు సరిగ్గా పెట్టిన పిల్లే గుర్తొస్తుంది. మన కొవ్వూరులో పుట్టిన కీరవాణి గారు కూడా ముందు సంగీత దర్శకుడు చక్రవర్తి గారి దగ్గర అసిస్టెంటుగా చేసినవారే.

అలాగని అన్నిటికీ తలూపకు. ఎన్నాళ్లు, ఏం నేర్పుతారు, స్టైపెండ్ ఎంత అన్నది కాగితం మీద రాయించుకో. నువ్వు కట్టిన ట్యూన్ వాడుకుంటే పేరు వేస్తారా అని ముందే అడుగు. చదవకుండా దేని మీదా సంతకం పెట్టకు. నెలలు గడిచినా టీలు మోయించడమే తప్ప సెషన్‌లో కూర్చోనివ్వకపోతే, అప్పుడు మానేసి వచ్చెయ్, నేనేమీ అనను. చుట్టడానికి చిన్నతనమనిపించి మాత్రం మానకు.

నిజంగా మానేశావా? ఒక్క మెసేజ్ పెట్టు చాలు.

రాత్రి పన్నెండు దాటితే ఆటో ఎక్కకు, అక్కడే ఎవరినైనా తోడు తెచ్చుకో. శనివారం బస్సులో జాడీ పంపిస్తున్నాను. మూతకి టేపు చుట్టాను, నిలబెట్టే పట్టుకో. నూనె కారితే నీ హెడ్‌ఫోన్లు పాడవుతాయి.

నాన్న