ఇంగ్లీషు క్లాసుకి ఖాళీ ప్యాకెట్లు ఎందుకంటే...

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన నెల పేరెంట్స్ మీటింగులో ఎక్కువ మంది అడిగింది ఒకటే మాట. "మేడం, పిల్లలు ఖాళీ బిస్కెట్ ప్యాకెట్లు, మాత్రల షీట్లు, కరెంటు బిల్లులు ఏరుకుని బడికి తెస్తున్నారు. పాఠాలు చెప్పడం మానేశారా?" అని. ఒకాయన ఇంకాస్త గట్టిగానే, చదువుకోమని పంపిస్తే చెత్త ఏరిస్తున్నారన్నారు. అడిగినందుకు సంతోషం. ఆ రోజు అందరికీ నిలబడి చెప్పే వీలు కుదరలేదు కాబట్టి ఈ నెల లేఖ మొత్తం ఈ సంగతికే.

ముందు టెన్షన్ పడకండి. పాఠ్యపుస్తకం ఎక్కడా ఆగలేదు. ఆరు నుంచి తొమ్మిదో తరగతి వరకు వారంలో రెండు ఇంగ్లీషు పీరియడ్లు మాత్రమే ఈ కాగితాలకి ఇచ్చాం. పదో తరగతికి ఒక్కటే, అదీ సంక్రాంతి సెలవుల దాకా. ఆ తర్వాత వాళ్ళు పూర్తిగా పబ్లిక్ పరీక్షల పనిలోనే ఉంటారు.

ఇక ఎందుకు మొదలుపెట్టామో చెబుతాను. పుస్తకంలో పాఠం గడగడా అప్పజెప్పే పిల్లలు మనకు చాలామంది ఉన్నారు. అదే పిల్లని ఇంట్లో నాయనమ్మ మాత్రల షీటు చూపించి "ఇది ఎప్పటిదాకా పనిచేస్తుందమ్మా?" అంటే తెల్లమొహం వేస్తుంది. పుస్తకంలోది పరీక్ష కోసం, షీటు మీదిది మనకు సంబంధం లేనిది అని ఎప్పుడో మనసులో పడిపోయింది. కానీ మన ఇళ్ళలోకి రోజూ వచ్చే ఇంగ్లీషు అదే. ప్యాకెట్ల మీద వివరాలు హిందీలోనో ఇంగ్లీషులోనో వేస్తే చాలని మన దేశంలో నిబంధన. తెలుగులో కూడా వేయడం కంపెనీ ఇష్టం. అంటే మనం కొన్న సరుకులో ఏముందో తెలియాలంటే ఇంట్లో ఒక్కరైనా ఆ నాలుగు లైన్లు చదవగలగాలి.

ఆరో తరగతిలో ప్యాకెట్లతోనే మొదలుపెట్టాం. ప్యాకెట్ మొత్తం చదవమని అడగం. ధర ఎంత, బరువు ఎంత, తయారైంది ఎప్పుడు, ఎన్నాళ్ళలోపు తినాలి, ఇంతే. 'బెస్ట్ బిఫోర్ సిక్స్ మంత్స్' అని ఉంటే వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టి తేదీ వాళ్ళే చెప్పాలి. బెస్ట్ బిఫోర్ దాటితే రుచి, నాణ్యత తగ్గొచ్చు. ఎక్స్‌పైరీ అనో యూజ్ బై అనో ఉండి ఆ తేదీ దాటితే మాత్రం అమ్మకూడదు, తినకూడదు. ఈ తేడా పెద్దవాళ్ళలోనే చాలామందికి తెలియదు, మా స్టాఫ్ రూములోనూ దీని మీద కాసేపు వాదన నడిచింది.

ఏడో తరగతి వాళ్ళకి ఇంగ్రీడియెంట్స్ లైను ఇచ్చాం. ఏది బరువులో ఎక్కువ ఉంటే దాన్ని ముందు రాయాలని నిబంధన. మామిడిపండు బొమ్మ వేసిన చిన్న డ్రింకు ప్యాకెట్ మీద మొదటి మాట 'వాటర్' అని కనిపించేసరికి క్లాసులో గోల గోల. ఆ సాయంత్రం మన గేటు పక్క బంకు వాడి వ్యాపారం కొంచెం దెబ్బతిందని విన్నాను.

అన్నిటికంటే బాగా నడిచింది ఎనిమిదో తరగతిలో పురుగుమందు డబ్బాతో వచ్చే కరపత్రం పాఠం. మన ఊళ్ళో మిరప వేయని ఇల్లు తక్కువ. తామర పురుగు వచ్చిందంటే ఇంటిల్లిపాదీ దాని గురించే మాట్లాడతారు, కాబట్టి పిల్లలకు విషయం ముందే తెలుసు. తెలియంది ఇంగ్లీషు మాత్రమే. మొదట లేబుల్ మీది రంగును అడిగాం. ఆకుపచ్చ గుర్తు చూసి ఒక పాప ఠక్కున "ఇది మంచిది టీచర్, ప్రమాదం లేదు" అంది. బిస్కెట్ ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క శాకాహారానికని ఇంట్లో నేర్చుకుంది మరి. మందు డబ్బా మీద లెక్క వేరు. ఎరుపు అంటే అతి తీవ్రమైన విషం, పసుపు దాని తర్వాతది, నీలం మధ్యరకం, ఆకుపచ్చ వీటిలో తక్కువది. తక్కువదే గాని విషం విషమే. ఎరుపు, పసుపు మీద 'పాయిజన్' అని, నీలం మీద 'డేంజర్' అని, ఆకుపచ్చ మీద 'కాషన్' అని రాసి ఉంటుంది. ఈ మూడు మాటలూ ఆ రోజు ఎవరూ బట్టీ పట్టలేదు, ఇప్పుడు అడిగితే క్లాసులో అందరూ చెబుతారు.

తర్వాత లోపలి పట్టిక. ఏ పంటకి, ఏ పురుగుకి, మందెంత, నీళ్ళెంత, చివరిసారి కొట్టాక కోతకి ఎన్ని రోజులు ఆగాలి. అయిదు గడులు, వాక్యాలు లేవు. చదువులో వెనకబడ్డ పిల్లలకి ఇది వరం. ఎప్పుడూ వెనక బెంచీలో తల దించుకుని కూర్చునే ఒక పిల్లాడు లేచి "మా నాన్న ట్యాంకుకి మూత లెక్కన పోస్తాడు టీచర్, ఇందులో హెక్టారుకి ఇచ్చారు, ఎట్లా?" అని అడిగాడు. హెక్టారంటే సుమారు రెండున్నర ఎకరాలు. ఇంగ్లీషు టీచరు వెళ్ళి లెక్కల మాస్టారిని పిలుచుకొచ్చారు. ఆ పీరియడు రెండు పీరియడ్లయింది. నేను అడ్డు చెప్పలేదు.

ఆ కరపత్రాల్లో ఇంగ్లీషుతో పాటు తెలుగు కూడా ఉంటుంది, కాకపోతే చీమల్లాంటి అక్షరాలు. ముందు ఇంగ్లీషు చదివి జవాబు రాయడం, తర్వాత తెలుగు భాగంలో సరిచూసుకోవడం. సైన్సు పుస్తకంలో రెండు భాషలూ ఎదురెదురు పేజీల్లో ఉంటాయి కదా, ఇదీ అలాంటిదే. వినడానికి కూడా మనకో ఏర్పాటు ఉంది. పిడుగురాళ్ళ స్టేషన్లో పల్నాడు ఎక్స్‌ప్రెస్ అనౌన్స్‌మెంట్ తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో వస్తుంది. విషయం తెలుగులో ముందే తెలిసిపోతుంది కాబట్టి ఇంగ్లీషు చెవికి భయం లేకుండా ఎక్కుతుంది. రైలు నంబరు ఒక్కో అంకెగా చదువుతారు, వన్ టూ సెవెన్ ఫోర్ సెవెన్ అని. ఊరికి వెళ్ళేటప్పుడు పిల్లల్ని వినమనండి చాలు.

తొమ్మిదో తరగతికి దొంగ మెసేజీలు పెట్టాం. "మీ పాత బిల్లు అప్‌డేట్ కాలేదు, ఈ రాత్రి తొమ్మిదిన్నరకు కరెంటు కట్ చేస్తాం, వెంటనే ఈ నంబరుకి ఫోన్ చేయండి" అని ఇంగ్లీషులో వచ్చే మెసేజ్ మీలో చాలామంది చూసే ఉంటారు. దాన్ని బోర్డు మీద రాసి తప్పులు పట్టమన్నాం. వ్యాకరణం తప్పులు, సర్వీసు నంబరు లేకపోవడం, ఆఫీసు నంబరు బదులు ఎవరిదో మొబైల్ నంబరు ఉండటం, అన్నీ బయటికి లాగారు. దాని పక్కనే అసలు కరెంటు బిల్లు పెట్టి పోల్చారు. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని కూడా రాసుకున్నారు. ఇది ఇంగ్లీషు పాఠమా అంటే నా దృష్టిలో ఈ ఏడాది మేం చెప్పిన వాటిలో అవసరమైన ఇంగ్లీషు పాఠం ఇదే.

ఇదేమీ మేం కనిపెట్టిన వింత కాదు. 1979 నుంచి 1984 వరకు ఇంగ్లీషు బోధన నిపుణులు ఎన్.ఎస్. ప్రభు గారు బెంగళూరు, మద్రాసు వైపు కొన్ని బడుల్లో పిల్లలకి రైళ్ళ టైంటేబుల్, మ్యాపుల లాంటివి ఇచ్చి, వాటిలోంచి జవాబులు వెతికించి ఇంగ్లీషు నేర్పారు. ఇప్పటికీ ఇంగ్లీషు టీచర్ల శిక్షణలో ఆయన పేరు రాకుండా ఉండదు. మేం పాటించే సూత్రం చిన్నది. కాగితం కష్టంగా ఉంటే కాగితాన్ని మార్చం, ప్రశ్నని తేలిక చేస్తాం. అదే కరెంటు బిల్లుకి ఆరో తరగతి వాళ్ళు ఆఖరు తేదీ చెబితే చాలు, తొమ్మిదో తరగతి వాళ్ళు పోయిన నెల కంటే ఎక్కువ ఎందుకొచ్చిందో రెండు వాక్యాలు రాయాలి.

కొందరు ఇంగ్లీషు పేపరు తెప్పించమంటారా అని అడిగారు. వద్దు, డబ్బు దండగ. సంపాదకీయాలు మన పిల్లలకి ఇప్పుడే కొరుకుడు పడవు. లైబ్రరీకి వచ్చే పేపర్లో వాతావరణం, క్రికెట్ స్కోరు చాలు. స్పోకెన్ ఇంగ్లీషు కోర్సుల కరపత్రాలు కూడా పంపకండి, వాటి ఇంగ్లీషుని దిద్దడానికి వేరే పీరియడు కావాలి.

మీ నుంచి కావలసింది కొంచెమే. ఖాళీ ప్యాకెట్లు కడిగి, ఆరబెట్టి ఇవ్వండి. మాత్రల షీట్లు పూర్తిగా ఖాళీవే ఇవ్వండి, ఒక్క మాత్ర ఉన్నా వద్దు. పురుగుమందు డబ్బాలు, సీసాలు ఎట్టి పరిస్థితుల్లోనూ బడి గేటు దాటకూడదు. పిల్లల చేత ముట్టించొద్దు. కరపత్రం మందు తగలకుండా పొడిగా ఉంటేనే పంపండి, లేకపోతే లేబుల్‌ని మీరే ఫోన్లో ఫోటో తీసి క్లాసు గ్రూపులో పెట్టండి. బిల్లులు, బ్యాంకు కాగితాల మీద మీ పేరు, ఖాతా నంబరు, ఫోన్ నంబరు నల్ల పెన్నుతో కొట్టేయండి. ఆధార్ జిరాక్సులు, ఓటీపీ ఉన్న మెసేజీలు అసలు పంపొద్దు. ఇంట్లో పాత పెళ్ళికార్డులుంటే తప్పకుండా పంపండి. ముహూర్తం, వేదిక, తేదీ వెతికించడానికి వాటిని మించినవి లేవు.

ఇంటి దగ్గర ఇంకో చిన్న పని. రోజూ అయిదు నిమిషాలు, వంటింట్లో ఉన్న ఏదో ఒక ప్యాకెట్ పిల్లల చేతికిచ్చి "ఇందులో ఏముందో చెప్పు" అనండి. వాళ్ళు తెలుగులో చెప్పినా పర్లేదు. మీకు ఇంగ్లీషు రాకపోయినా పర్లేదు, అడిగితే చాలు. తప్పు చదివితే కోప్పడకండి, ఆ ప్యాకెట్‌ని మర్నాడు బడికి పంపండి, ఇక్కడ చూసుకుంటాం.

వచ్చే సోమవారం నుంచి ఆఫీసు గది వరండాలో మూడు అట్టపెట్టెలు ఉంటాయి. ఒకటి ప్యాకెట్లకి, ఒకటి మందులకి సంబంధించిన కాగితాలకి, ఒకటి బిల్లులు, కార్డులు, టికెట్లకి. ఉదయం ప్రార్థనకి ముందే వేయమనండి. ఈ పాఠాలు ఎలా నడుస్తున్నాయో చూడాలనుకునే వాళ్ళు శుక్రవారం మధ్యాహ్నం మొదటి పీరియడుకి వచ్చి ఎనిమిదో తరగతిలో వెనక కూర్చోవచ్చు. ముందుగా చెప్పక్కర్లేదు, ఆఫీసులో సంతకం పెట్టి వస్తే చాలు.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు