మూడేళ్లుగా నా గిన్నె కొలిచిన వాళ్లందరికీ

పోయిన వారం రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది. హిమోగ్లోబిన్ 12.1. పోయిన ఏడాది మార్చిలో అదే ల్యాబ్ కాగితం మీద 8.2 అని ఉండింది. రిపోర్టు పట్టుకుని అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గర ఆటో కోసం నిలబడి ఉంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నాలుగు పాయింట్ల వెనక ఎంతమంది చేతులున్నాయో నాకు తెలుసు. వాళ్లకు నలుగురి ముందూ కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. పేర్లు వద్దని కొందరు అడిగారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. చదివితే ఎవరి సంగతి వాళ్లకు తెలిసిపోతుంది.

తెలియని వాళ్ల కోసం ముందు విషయం చెప్తాను. 2022 నవంబర్‌లో బెంగళూరులో నాకు బరువు తగ్గే ఆపరేషన్ చేశారు. గ్యాస్ట్రిక్ బైపాస్ అంటారు. కడుపును చిన్న సంచిలా చేసి, పేగును నేరుగా దానికి అతికిస్తారు. అప్పటికి నా బరువు 118 కిలోలు. పదకొండేళ్ల షుగరు, బీపీ, థైరాయిడ్, వాటికి తోడు అరిగిన మోకాళ్లు. బడిలో బోర్డు మీద లెక్క రాస్తూ మధ్యలో కుర్చీలో కూర్చోవాల్సి వచ్చేది. డబ్బు సర్దిన మా తమ్ముడికి, తన వంతు చిట్టీ నాకు వదిలేసిన పక్కింటి అక్కకు, ఆపరేషన్ చేసిన డాక్టర్లకు, రాత్రంతా మేలుకుని నన్ను నడిపించిన నర్సమ్మలకు ఎప్పటికీ రుణపడి ఉంటాను. ఇన్సులిన్ డిశ్చార్జి రోజే ఆపేశారు. ఏడాదిలో 40 కిలోలు తగ్గాను.

అసలు కష్టం రెండో ఏడాది మొదలైంది. బరువు తగ్గింది, షుగరు దిగింది, ఇంకేం కావాలని అందరం అనుకున్నాం. "ఏడాది దాటింది కదా, ఇంకా ఈ విటమిన్ మాత్రలు దేనికి?" అని ఒకరు అన్నారు. మాత్రలంటే విసుగు వచ్చి ఉన్నాను, ఆ మాట వినాలనిపించింది, విన్నాను. నాలుగు నెలల్లో జుట్టు చేతికి కుచ్చులు కుచ్చులుగా రావడం మొదలైంది. అరికాళ్లలో చీమలు పాకినట్టు ఉండేది. పడుకుని లేస్తే కళ్లు బైర్లు కమ్మేవి. సన్నబడ్డావని అందరూ మెచ్చుకుంటున్న రోజుల్లోనే లోపల ఇలా ఉండింది. అందుకే ఎవరితోనూ చెప్పుకోలేకపోయాను.

మొదట పసిగట్టింది మా వీధి చివర మెడికల్ షాపు అన్న. మోకాళ్ల నొప్పికి మాత్ర కావాలని వెళ్లాను. పాత రోజుల్లో వాడినదే, పేరు కూడా నేనే చెప్పాను. ఆయన స్ట్రిప్పు చేతిలోకి తీసుకుని మళ్లీ లోపల పెట్టేశాడు. "అక్కా, మీకు బైపాస్ అయింది కదా. ఈ రకం నొప్పి మాత్రలు మీరు వాడకూడదు, లోపల అతుకు దగ్గర పుండు పడుతుంది. డాక్టర్ని అడిగి వేరేది రాయించుకోండి" అన్నాడు. అమ్ముకుంటే ఆయనకు నాలుగు రూపాయలు మిగిలేవి. తర్వాత నా ముఖం చూసి, ఐరన్, కాల్షియం ఎప్పుడెప్పుడు వేసుకుంటున్నారని అడిగాడు. నాలుగు నెలలుగా వేసుకోవడం లేదని, అంతకు ముందు పొద్దున్నే థైరాయిడ్ మాత్రతో పాటు అన్నీ ఒకేసారి మింగేదాన్నని చెప్పాను. కౌంటర్ మీద చేయి ఆనించి ఒక్క క్షణం ఏమీ అనలేదు. ఆ రోజే డాక్టర్ దగ్గరకు పంపించాడు, రక్తపరీక్షలు రాయించుకు రమ్మని.

డాక్టర్ కొత్త చీటీ రాసిచ్చాక ఆయన ఒక అట్టపెట్టె చింపి, దాని లోపలి తెల్లవైపు బాల్‌పెన్నుతో టైములు రాసిచ్చాడు. పొద్దున ఐదున్నరకు పరగడుపున థైరాయిడ్. పదకొండుకు ఐరన్, దానికి అటూ ఇటూ గంట టీ, కాఫీ వద్దు. మధ్యాహ్నం మూడున్నరకు ఒక కాల్షియం, రాత్రి ఇంకొకటి. థైరాయిడ్ మాత్రకు, మిగతా రెండింటికి మధ్య నాలుగు గంటలుండాలి. ఐరన్‌కు, కాల్షియంకు మధ్య కనీసం రెండు గంటలు. లేకపోతే ఒకదాన్నొకటి ఒంట్లోకి పోనివ్వవు. కాల్షియం కూడా సిట్రేట్ రకమే ఇచ్చాడు. కార్బొనేట్ అరగాలంటే కడుపులో పులుపు బాగా ఊరాలట, నా చిన్న సంచిలో అది అంతగా ఊరదు. ఆ అట్టముక్క ఇప్పటికీ మా ఫ్రిజ్ మీద ఉంది. నూనె మరకలు పడి అక్షరాలు వెలిసిపోతే మా అబ్బాయి మళ్లీ దిద్దాడు. అన్నా, మీకు నమస్కారం.

పరీక్షల్లో ఐరన్ నిల్వలు అడుగంటాయని, బి12 బాగా తక్కువగా ఉందని తేలింది. ఐరన్ సెలైన్‌లో ఎక్కించారు, బి12 ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. సరిగ్గా ఆ రోజుల్లోనే మా డైటీషియన్ మేడమ్ దొరికారు.

బెంగళూరులో ఇచ్చిన చార్టు మంచిదే. కానీ అందులో ఉన్న ఓట్స్, టోఫు, బ్రకోలీ మా వంటింట్లోకి ఎప్పుడూ రాలేదు. మేడమ్ ఆ చార్టు పక్కన పెట్టి, "రేపు మీరు రోజూ తినే గిన్నె, స్పూను తీసుకుని రండి" అన్నారు. తీసుకెళ్లాను. గిన్నెలో నీళ్లు పోసి, ఆ నీళ్లను మందు కొలిచే చిన్న కప్పుతో కొలిచారు. తర్వాత కాగితం మీద నా కడుపు బొమ్మ వేశారు. పైన నిమ్మకాయంత సంచి, దాని నుంచి నేరుగా కిందకు పోయే పేగు, పక్కన ఖాళీగా ఉండిపోయిన భాగం. "ఐరన్, కాల్షియం ఒంటికి పట్టేది ఎక్కువగా ఈ మొదటి పేగులోనే. మీ తిండి ఇప్పుడు ఈ దారిన పోవడం లేదు. బి12 పట్టాలంటే కడుపులో ఊరే రసం కావాలి, అదీ తగ్గింది. అందుకే ఈ మాత్రలు బతికినన్నాళ్లూ మానకూడదు, ఏడాదికోసారి పరీక్షలు మానకూడదు" అన్నారు. ఏడాదిన్నరగా అర్థం కానిది ఆ బొమ్మతో అర్థమైంది.

రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ కావాలన్నారు. నేను తింటున్నది లెక్కేస్తే పాతిక కూడా రాలేదు. ఒక ఇడ్లీ, రెండు ముద్దల చారన్నం తిని కడుపు నిండిందని లేచేదాన్ని. గుడ్డులో ఆరు గ్రాములు, కాబట్టి పొద్దున గుడ్డుతో మొదలు. బట్టలో కట్టి నీళ్లు దించిన పెరుగు. మెత్తగా ఉడికిన పెసరపప్పు, ఉలవకట్టు, నానబెట్టి ఉడికించి మెదిపిన అలసందలు. వారానికి రెండుసార్లు పులుసులో చేప. ఇవేవీ కొత్తవి కావు, మా అవ్వ వండినవే. పళ్లెంలో ముందు పప్పో గుడ్డో, తర్వాత కూర, చోటు మిగిలితే చివర్లో అన్నం. ఇంత చేసినా సరిపోని రోజు ప్రొటీన్ పొడి. వాంతులు రెండు మూడు రోజులు ఆగకపోతే ఇంట్లో కూర్చోవద్దని, బి1 పడిపోతే నరాలు దెబ్బతింటాయని గట్టిగా చెప్పారు. ఈ ఒక్క మాట ఆపరేషన్ చేయించుకున్న ప్రతి ఒక్కరికీ చెప్పాలి.

సంగటి గురించి కూడా రాయాలి. మనకు సంగటి అంటే ముద్ద చేసి, పులుసులో అద్ది, మింగేయడమే. చిన్నప్పుడు నమిలితే మా జేజి కోప్పడేది. ఆపరేషన్ తర్వాత ఆశ చంపుకోలేక ఒకసారి గోలీకాయంత ముద్ద మింగాను. రొమ్ము ఎముక కింద రాయి పెట్టినట్టు ఇరుక్కుపోయింది. నోట్లో నురగలా ఉమ్మి ఊరింది, గంటసేపు గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఆ రోజు మా అమ్మ తన పళ్లెం కూడా తీసేసింది. నేను తినలేనిది నా ముందు తినబుద్ధి కాలేదట. మేడమ్‌కి చెప్తే రాగిని మానెయ్యమనలేదు. పలచగా అంబలి కాచి, మజ్జిగ కలిపి, స్పూనుతో తాగమన్నారు. మా అమ్మ ఇప్పుడు నా కోసం పొద్దున్నే అంబలి కాస్తుంది, తను సంగటి కెలుక్కుంటుంది. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని తింటాం.

మా వదిన గురించి ఎంత రాసినా తక్కువే. పెళ్లిళ్లకు పోవాలంటే నాకు టెన్షన్. ఆకు నిండా వడ్డిస్తారు, తినకపోతే వాళ్ల మనసు కష్టపడుతుంది, తింటే నేను కష్టపడతాను. వదిన ఎప్పుడూ నా పక్క ఆకులోనే కూర్చుంటుంది. నేను ముట్టకముందే, ఎంగిలి కాకుండా, ముప్పావు వంతు తన ఆకులోకి తీసేసుకుంటుంది. "మా ఆడబిడ్డ నిదానంగా తింటుంది, మీరు పోయి మిగతా వాళ్లను చూడండి" అని వడ్డించే వాళ్లను పంపేస్తుంది. ఆపరేషన్ సంగతి ఎక్కడా ఎత్తదు. మూడేళ్లలో ఒక్క పెళ్లిలో కూడా నేను తల దించుకునే అవసరం రానివ్వలేదు.

బడిలో మా హెచ్ఎం సార్ నా మూడో పీరియడ్ ఖాళీ చేసి ఇచ్చారు. పది నిమిషాల ఇంటర్వెల్‌లో నేను తినలేను, గుడ్డు ఒక్కటి తినడానికే ఇరవై నిమిషాలు పడుతుంది. తింటూ నీళ్లు తాగకూడదు, తిన్న అరగంట దాకా కూడా. మరి అనంతపురం ఎండకు లీటరున్నర నీళ్లు లోపలికి ఎలా పోవాలి? మా అబ్బాయి సీసా మీద స్కెచ్ పెన్నుతో గీతలు గీసి, ఒక్కో గీతకు ఒక్కో టైము రాశాడు. ఇప్పుడు తొమ్మిదో తరగతి పిల్లలు "మేడమ్, పన్నెండు గీత దాటలేదు" అని గుర్తు చేస్తారు. బంగారు పిల్లలు.

షుగర్ డాక్టర్ గారికి చేతులెత్తి మొక్కుతున్నాను. రక్తం తక్కువున్నప్పుడు మూడు నెలల షుగరు లెక్కను నమ్మలేమని, వేలి చుక్క రీడింగులు రోజూ రాసి తెమ్మన్నారు. నోటుబుక్కు మొత్తం ఓపికగా చదివారు. నిలబడితే బీపీ వందకు పడిపోతోందని గమనించి బీపీ మాత్ర సగం చేశారు. తగ్గిన బరువుకు తగ్గట్టు థైరాయిడ్ డోసు 125 మైక్రోగ్రాముల నుంచి 100కు దించారు. బరువుతో పాటు మందులు కూడా మారాలని నాకు అప్పటిదాకా తోచలేదు.

ఇంకొకరున్నారు. ఆమె పేరు నాకు తెలియదు.

2024 ఏప్రిల్‌లో కళ్యాణదుర్గంలో బంధువుల గృహప్రవేశం. బలవంతం మీద ఒక ఓళిగ (బొబ్బట్టు) తిన్నాను, నెయ్యి వేసి. తీపి తింటున్నాను కదా అని భయపడి, ఇంట్లో మిగిలి ఉన్న పాత షుగరు మాత్ర ముందే వేసుకుని పోయాను. ఎవరినీ అడగలేదు. అది తిన్నా తినకపోయినా షుగరును దించే మాత్ర. పైగా బైపాస్ అయిన వాళ్లకు తీపి ఒక్కసారిగా పేగులోకి జారి, ఒళ్లు ఇన్సులిన్‌ను కావలసినదానికంటే ఎక్కువగా వదులుతుంది. తిన్న గంట నుంచి మూడు గంటల లోపు షుగరు పడిపోవచ్చు. ఈ వివరమంతా తర్వాత తెలిసింది.

అనంతపురం బస్సెక్కిన కాసేపటికి చేతులు వణకడం మొదలైంది. జాకెట్టు మొత్తం చెమటతో తడిసిపోయింది. ముందు సీటు కడ్డీ రెండుగా కనిపిస్తోంది. పక్కన కూర్చున్న అవ్వ నా చేయి పట్టుకుని చూసి, "ఏమ్మా, సల్లగా అయిపోతివే" అంది. సంచి అని సైగ చేశాను. అందులోంచి మిషన్ తీసి నేనే వేలికి గుచ్చుకున్నాను, 51 చూపించింది. తీపి ఏమైనా ఉందా అని అడిగేసరికి, నడుం దగ్గర దోపిన గుడ్డ మూట విప్పింది. బెల్లం ముక్క, గుప్పెడు వేయించిన చెనక్కాయలు. మనవడికి తీసుకుపోతున్నాననింది. బెల్లం తన పంటితో కొరకబోయి, ఏమనుకుందో ఆగి, సీటు కడ్డీకేసి కొట్టి చిన్న ముక్క చేసి నా నోట్లో పెట్టింది. కండక్టర్ బస్సు పక్కకు ఆపించాడు, ఒక్కరు కూడా ఆలస్యమవుతోందని అనలేదు. పావుగంటకు తేరుకున్నాక చెనక్కాయలు పొట్టు తీసి ఒక్కొక్కటే నా చేతిలో వేసింది. "నమిలి తినుమ్మా, బిన్నా తినొద్దు" అంది. తొందరగా తినొద్దని డైటీషియన్ మేడమ్ చెప్పే మాటే.

ఆత్మకూరులో దిగిపోయింది. నాకు ఇంకా తల తిరుగుతోంది, పేరు కూడా అడగలేదు. ఆకుపచ్చ చీర, ఎడమ చేతి మీద పచ్చబొట్టు, మనవడు ఆత్మకూరులో కూతురింట్లో ఉన్నాడని చెప్పినట్టు గుర్తు. ఆ వైపు వాళ్లెవరైనా ఇది చదివి, మీ ఇంట్లో అవ్వ ఇట్లా బస్సులో ఒక టీచరమ్మకు బెల్లం పెట్టానని ఎప్పుడైనా చెప్పి ఉంటే, ఆ టీచరమ్మ బాగుందని ఆమెకు చెప్పండి. మనవడి మూట తిరిగి ఇవ్వాల్సి ఉంది, ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తాను.