ఘాజీని చట్టంతో కాపాడండి: రక్షణ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర రక్షణ శాఖ మంత్రి గారికి,

విశాఖపట్నం నుంచి ఒక స్కూబా డైవింగ్ శిక్షకుడు నమస్కరించి చేసుకుంటున్న విన్నపం.

1971 డిసెంబరు 3 అర్ధరాత్రి వేళ మా తీరానికి చేరువలో మునిగిపోయిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ శిథిలాన్ని మన నౌకాదళం గుర్తించిందనీ, అందులోని నావికుల అంతిమ విశ్రాంతి స్థలమన్న గౌరవంతో దాన్ని తాకకుండా వదిలేసిందనీ 2024 ఫిబ్రవరిలో వార్తలు వచ్చాయి. 1944 ఫిబ్రవరి 11న జమ్నా, లాన్సెస్టన్, ఇప్స్‌విచ్ నౌకల దాడిలో మునిగిన జపాన్ జలాంతర్గామి ఆర్‌ఓ-110 కూడా విశాఖ జలాల్లోనే ఉంది. ఆ వార్తలు వచ్చినప్పటి నుంచి రుషికొండలో నా దగ్గరికి వచ్చేవారిలో ఎవరో ఒకరు "ఘాజీ దాకా తీసుకెళ్తారా అండీ?" అని అడుగుతూనే ఉన్నారు.

కుదరదనే చెబుతున్నాను. సరదా డైవింగ్‌కు 40 మీటర్లే హద్దు, ఘాజీ అంతకన్నా దిగువన ఉంది. అయితే హీలియం కలిపిన వాయువుతో ఆ లోతుకు దిగగలిగినవారు ఉన్నారు, వారిని ఆపే చట్టమే మనకు లేదు. కొన్నేళ్ల కిందట మునిగిన ఒక సరుకు ఓడ దగ్గర నా శిష్యుడొకడు గుర్తుగా ఉంటుందని ఇత్తడి వాల్వు పిడి ఒకటి ఊడబెరికి జేబులో వేసుకొచ్చాడు. దాన్ని తిరిగి పెట్టడానికి నేనే దిగాను. వాడు పెరికిన చోట తుప్పు పొరలు పొరలుగా రాలి, నీళ్లు ఇటుక రంగుకు తిరిగి, నా చెయ్యి నాకే కనిపించలేదు. అది ఖాళీ ఓడ, ఘాజీలో తొంభై మందికి పైగా ఉన్నారు. పైగా ఘాజీ మన యుద్ధనౌక రాజ్‌పుత్ జారవిడిచిన డెప్త్ చార్జీలకు (నీటి అడుగున పేలే బాంబులకు) మునిగిందా, లోపలి పేలుడుకా అన్న వివాదానికి మిగిలిన ప్రత్యక్ష సాక్ష్యం ఆ ఉక్కు దేహమే.

జావా సముద్రంలో డచ్చి యుద్ధనౌకలు, అమెరికన్ జలాంతర్గామి పెర్చ్ తుక్కు దొంగల పాలై మాయమయ్యాయని 2016లో బయటపడింది. మన 1972 పురావస్తు చట్టం సాధారణంగా నూరేళ్లు నిండిన వస్తువులకే వర్తిస్తుంది, ఘాజీ, ఆర్‌ఓ-110 రెండూ 1940ల్లో నిర్మించినవి. బ్రిటన్ 1986లోనే సైనిక అవశేషాల రక్షణకు ప్రత్యేక చట్టం చేసి, కొన్ని శిథిలాలను చూడవచ్చు గాని తాకరాదనీ, మరికొన్నింటి దగ్గర అనుమతి లేకుండా డైవింగే చేయరాదనీ నిర్దేశించింది.

అటువంటి రక్షణను ఈ రెండింటికీ కల్పించి, లోపలికి ప్రవేశించడాన్నీ, ఏ వస్తువునైనా తీయడాన్నీ నేరంగా ప్రకటించవలసిందిగా, నౌకాదళ అనుమతితో వెలుపలి నుంచి చూడడానికి మాత్రమే అర్హులైన డైవర్లకు వీలు కల్పించవలసిందిగా కోరుతున్నాను. ఆ నిబంధనలు రాసేటప్పుడు మాతోపాటు మత్స్యకార సంఘాలను కూడా పిలవండి, 1971లో నీటిపై తేలిన ఘాజీ ఆనవాళ్లు మొదట కంటబడింది వారికే.

భవదీయుడు,
ఒక డైవింగ్ శిక్షకుడు, విశాఖపట్నం