లేఅవుట్‌కు సంతకం పెట్టేముందు మా కాలువ చూడండి

నెల్లూరు నగరపాలక సంస్థ కమిషనర్ గారికి,

నమస్కారం. మా వీధి వెనక మాగాణిలో వేస్తున్న లేఅవుట్ ఫైలు మీ పరిశీలనకు వచ్చిందని తెలిసింది. కాగితం మీద అంతా బాగానే ఉంది, వెడల్పాటి రోడ్లు, పార్కు. కానీ ఆ పొలానికీ మా ఇళ్లకీ మధ్య పంట కాలువ ఉంది. గ్రావెల్ తోలి అప్పుడే సగం పూడ్చేశారు. మన జిల్లాకు పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లోనే కదా, ఆ నీళ్లు పోయే దారి అదొక్కటే.

2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు మా హాలు గోడకు మోకాలెత్తున పడిన మరక, రెండుసార్లు సున్నం వేసినా పోలేదు. మంచం కోళ్ల కింద అప్పుడు పెట్టిన ఇటుకలు మా అమ్మ ఇప్పటికీ తీయనివ్వదు. లేఅవుట్ మెరక చేస్తే పల్లంలో ఉన్న మేమే మునిగేది.

ఇళ్లు వద్దని మేం అనడం లేదు. అప్పుచేసి ప్లాటు కొనుక్కునేవాళ్లూ మనవాళ్లే. సర్వేయర్‌తో ఎఫ్ఎంబీ (సర్వే నంబర్ల కొలతల పుస్తకం) ప్రకారం కాలువ కొలిపించండి, పూడ్చిన మట్టి తీయించండి, ఆ తర్వాతే అనుమతి ఇవ్వండి. పార్కు కోసం మూలనున్న పల్లపు గుంట చూపించారు, అది కూడా మార్పించండి. వాన పడిన మర్నాడు మీరు వస్తే మా వీధివాళ్లం దగ్గరుండి చూపిస్తాం.

ఇట్లు,
కాలువ పక్క వీధి నివాసి